చిల్లర బాకీ

జీతం పడిన రోజు రాత్రి
డిపోలో లెక్క అప్పజెప్పి
ఖాకీ కోటు మడిచి సంచిలో పెట్టుకుని
కాంప్లెక్సు వెనక సందులోకి నడుస్తాను.
ఒకప్పటి సైకిల్ షాపు
ఇప్పుడు పిజ్జా కొట్టు.
ట్యూబులు తగిలించిన మేకులకి
గరిటెలు వేలాడుతున్నాయి.
పంక్చర్లు వేసిన రాతిబల్ల మీదే
కూర్మినాయుడు మైదా ముద్ద చాపుతుంటాడు.
రాయగడ బేకరీలో పదేళ్లు బన్నులు కాల్చిన చెయ్యి,
మంటకి జడవదు.
"పీజా అనండి, పిజ్జా అనండి,
రొట్టంటే రొట్టే గదమ్మా!"

"ఒక్కలేనా మేడమ్?"
నీళ్ల సీసా పెడుతూ ధిల్లేసు అడుగుతాడు.
ప్రతి నెలా అడుగుతాడు.
ప్రతి నెలా నలుగురి బల్లకి
నేనొక్కదాన్నే.

తెల్లారి ఐదింటి నుంచీ
పాలకొండ రోడ్డు మీద నిలబడే ఉన్నాను.
ఆమదాలవలస, కొల్లివలస, బూర్జ,
స్టేజీ స్టేజీకీ ఎక్కిన మూటలూ, దిగిన పిల్లలూ,
సున్నా టిక్కెట్టు అటూ ఇటూ తిప్పి
"డబ్బుల్నేకండా కాయితమెందుకే?" అన్న ముసలమ్మా
నా పిక్కల్లో ఇంకా ఊగుతూనే ఉన్నారు.
ఈ కుర్చీ మాత్రం కదలదు.
నాకు అన్నిటికన్నా ముందు తెలిసే రుచి అదే.

పిజ్జా వస్తుంది.
అంచుల మీద మాడిన బొబ్బలు,
ఉల్లి, మొక్కజొన్న, చీల్చిన పచ్చిమిరప,
అడుగున నాయుడి సొంత తెలివి,
ఆవ పెట్టిన టమాటా గుజ్జు.
ధిల్లేసు చిన్న చక్రాన్ని అడ్డంగా నడిపిస్తాడు.
ఆరు ముక్కలు.
ఇంట్లో తినేటప్పుడు
ఒక చెవి కుక్కరు మీద, ఒక చెవి గేటు మీద.
ఇక్కడ రెండు చెవులూ నావే.

నాలుగో ముక్కలో ఉండగా వాన దిగింది.
కాలేజీ పిల్లలు గుంపుగా వచ్చి
గుమ్మంలోనే ఆగిపోయారు, నీళ్లు కారుతూ.
నా నోరు నన్నడగలేదు.
"లోపలికి జరగండి, లోపలికి!
డోరు కాడ నిలబడకండి!"

కొట్టంతా నా వైపు తిరిగింది.
నాయుడి చేతిలో ముద్ద ఆగింది.
మూల బల్ల దగ్గర ఒకాయన
నిజంగానే కుర్చీ లాక్కుని జరిగాడు.
ముందు నవ్వింది నేనే.

ఇద్దరు పిల్లలు నా బల్ల దగ్గర సర్దుకున్నారు.
ఒకమ్మాయి జడ పిండుకుంటూ
నా మొహం చదివింది.
"మీరు అప్పట్లో కళింగపట్నం బస్సు కదండీ?
మా అమ్మ చేపల గంప
ఎక్కించుకోలేదు మీరు. రెండుసార్లు."

కోపంగా అనలేదు.
ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది.
రూలుంది. ముక్కు మూసుకున్న ప్యాసింజర్లున్నారు.
అవన్నీ నా నాలుక దాకా వచ్చి
అక్కడే దిగిపోయాయి.
"పేరేటమ్మా?" అన్నాను.
"నూకరత్నం."
మిగిలిన రెండు ముక్కల్లో ఒకటి
ఆమె వైపు తోశాను.
కాసేపు చూసింది.
పచ్చిమిరప తీసి పళ్లెం అంచున పెట్టి
తింది.
ఇంకేమీ మాట్లాడుకోలేదు.

బిల్లు రెండొందల తొంభై మూడు.
మూడొందలిచ్చాను.
ధిల్లేసు డబ్బా గలగలలాడించి
తల గోక్కున్నాడు.
"ఏడు రూపాయిలు సిల్లర నేదు మేడమ్."
ఇరవై రెండేళ్లుగా ఆ మాట నాది!
వాడు బిల్లు తిరగేసి
వెనక ఏడు వేసి చుట్టూ సున్న చుట్టి
నా చేతిలో పెట్టాడు,
అచ్చం నేను పెట్టినట్టే.
అలా ఎన్ని వేల టిక్కెట్లు.
దిగే తొందరలో ఎంతమంది మరిచిపోయారో,
ఎంతమంది దగ్గర నేను మరిచిపోయినట్టు ఉన్నానో.

కాయితం నాలుగు మడతలు పెట్టి
పర్సులో దాచుకున్నాను.
మెట్టు మీద ఒక కాలు, వానలో ఒక కాలు.
వెనక నుంచి ఆ పిల్ల గొంతు,
"హోల్డాన్! హోల్డాన్!"

నా సంచి
బల్ల కిందే ఉండిపోయింది.