ఏడో నంబరు గుంత

ఇరవై రెండేళ్ళు నేను నీళ్ళకు శత్రువుని.
సైదాపురం అవతల, ఏడో నంబరు గుంత మీద
రేయీ పగలూ పంపు తిప్పినవాణ్ణి.

అడుగున, సురంగంలో, మనుషులు నడుం వంచి
కొండ పేగుల్లోంచి కాకిబంగారం లాగుతా ఉంటే
పైన నేను డీజిలు పోసి
ఊరిన ఊటను ఊరినట్టే వంకలోకి గెంటేవాణ్ణి.
"యాడి నుంచి వస్తావే నువ్వు, నీకు వేరే పని లేదా"
అని తిట్టేవాణ్ణి, పెళ్ళాన్ని కూడా తిట్టనంతగా.

ఒక్క రాత్రి పంపు మొరాయించింది.
మాలకొండయ్య పైకి రాలేదు.
ఆ సంగతి ఇంతే చెప్తాను.

కంపెనీ వెళ్ళిపోతా ఎవరికీ చెప్పలేదు.
డీజిలు రావడం మానింది, అంతే.
నీళ్ళు మాత్రం రావడం మానలేదు.
మూడు వానాకాలాలకు గుంత గొంతు దాకా నిండింది.
నిట్టనిలువు గోడలు.
తాగడానికి దిగిన బర్రె ఎక్కలేక
సాయంత్రం దాకా అరిచి ఊరుకుంది.
పచ్చటి నీళ్ళు, కప్ప కూడా కాపురం పెట్టని నీళ్ళు.

షంషాద్ అని ఒక పిల్ల నెల్లూరు నుంచి వచ్చింది
బూట్లకు బురద, భుజాన తాడు.
"ఈ నీళ్ళ అడుగు చూసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?"
ఊరంతా నా వైపు తిరిగింది.
నిజమే. తోడేసినోడికే కదా తెలిసేది,
యాడ అరుగుందో, యాడ సురంగం నోరు తెరిచుందో.
సిగరెట్టు పెట్టె చించి దాని మీద గీసిచ్చాను.
ఒక్క చోట వేలు ఆగింది.
ఆ పిల్ల అడగలేదు. నేను చెప్పలేదు.

పొక్లెయిను గోడల్ని మెట్లుగా కోసింది.
మొలలోతు, మోకాటిలోతు, చీలమండ లోతు.
పాతాళంలా ఉన్నదానికి ఒడ్డు పుట్టింది.
తెల్లదిబ్బల మీద చెరువు ఒండ్రు కప్పాం
మూడొందల ట్రాక్టర్లు, నేనే లెక్క రాశాను.
సుబ్బరత్నమ్మ దగ్గుకుంటానే వచ్చింది.
ఒకప్పుడు కత్తిమొనతో అభ్రకాన్ని
పొర నుంచి పొర విడదీసిన వేళ్ళు
ఇప్పుడు తుంగ దుబ్బుల్ని
పిలక నుంచి పిలక విడదీసి నాటాయి.

మొదటేడు నాటిందంతా మాడింది.
"రాళ్ళకు పురుడు పోస్తున్నారు" అని టీ అంగట్లో నవ్వారు.
రెండో ఏడు జమ్ము నిలబడింది.
దాని కాళ్ళ మధ్య చేపపిల్లలు,
వాటి కోసం ఒక నీటికాకి,
అది రెక్కలారేసుకున్న మొండి గుంజ
నా పాత పంపు బిగించిన గుంజే.
తర్వాత నామంకోళ్ళు. తర్వాత ఎవరు పిలిచారో ఏమో,
పెంచలకోన వైపు నుంచి రాత్రిళ్ళు దుప్పులు.
తెల్లారి చూస్తే మెరిసే బురదలో గిట్టల అచ్చులు,
వెన్నెలను కరగబోసి తీసినట్టు.

పంపు రిజిస్టరు ఇంకా నా దగ్గరే ఉంది.
గంటలు, డీజిలు, లోతు అని గళ్ళు.
గంటల గడిలో పిట్టల లెక్క రాస్తున్నా.
డీజిలు గడి ఖాళీ.
లోతు గడిలో మాత్రం పెన్ను ఆడదు.

ఆఫీసోళ్ళు బోర్డు రాయించారు, చెరువు అని.
నా నోటికి ఇంకా గుంతే.
చెరువంటే కట్టినోళ్ళుంటారు. దీన్ని మేం తవ్వాం.
ఇందులో ఒకడున్నాడు.

నిన్న పొద్దున
తూర్పు గట్టున, మేం వదిలేసిన మన్నులో
లకుముకి పిట్టలు రెండు బొక్క తవ్వుతున్నాయి.
ఒకటి లోపలికి పోతుంది. రెండోది బయట కావలి.
లోపలిది వెనక్కి వెనక్కి వస్తా
కాళ్ళతో మన్ను తోస్తే
ఎండలో అభ్రకం పొట్టు తళుక్కున రాలింది.

లీజు లేదు. తూటా లేదు. మేస్త్రీ లేడు.
లోపలికి పోయింది ఎంతసేపటికీ రాకపోతే
నా చేతులు పంపు పిడి కోసం గాల్లో వెతికాయి.

వచ్చింది.
ముక్కు నిండా మన్ను.
రిజిస్టరు తెరిచి రాసుకున్నా:
దిగినవి ఒకటి, ఎక్కినవి ఒకటి.