తలకట్టు

ఎనిమిదింటికి పసుపు వ్యాను గేటు ముందు ఆగి
మా బాల్కనీ వైపు ఒక హారన్ కొట్టి వెళ్తుంది,
పాత అలవాటు.
మూడో అంతస్తు ఆవిడ లిఫ్టులో కనపడితే
"పాపకి ఇంకా జ్వరం తగ్గలేదా?" అంటుంది
ఏడాదిన్నరగా.

ఆ వేళకి మా తన్మయి
ఫ్రిజ్ మీది పిండిగిన్నె మూత ఎత్తి చూస్తుంటుంది.
రామ్మూర్తినగర్ డిసెంబరు చలికి పిండి పొంగదు.
మొన్న వైఫై డబ్బా పక్కన పెట్టింది,
నిన్న తమ్ముడి స్వెట్టర్ తొడిగింది.
గిన్నె మీద స్కెచ్ పెన్ను గీతలు, గీత పక్కన గంటలు.
"ఇవాళ అర వేలు" అని ప్రకటిస్తుంది.
ఇక ఆ పూట ఉప్మానే.

వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు.
ఓ ఆదివారం మార్తహళ్ళిలో ఒక మిద్దె మీది మోటారు గదికి తీసుకెళ్ళి
మనుషులు పైకి పోతుంటే కిందికి దిగే
ఇనుప దిమ్మల్ని చూపించాడు.
అది వారం రోజులు నా కొంగు పట్టుకుని తిరిగింది:
నేను మెట్లెక్కుతుంటే నా బదులు దిగేది ఏది?
తెలీదన్నాను.
ఆ ఒక్క మాట అనడం నేర్చుకోడానికి
నాకు ముప్పైనాలుగేళ్ళు పట్టింది.

అన్నీ ఇలాంటి రోజులే అనుకోకండి.
మంగళవారం ఏమీ జరగలేదు.
సోఫా మీద తలకిందులుగా వేలాడి ఫ్యాను చూసింది.
బుధవారం కూడా ఫ్యానే.
ఆ రాత్రి అందరూ నిద్రపోయాక
బీరువాలో చీరల అడుగున దాచిన
మూడో తరగతి లెక్కల పుస్తకం తీసి
దొంగలా పేజీలు తిప్పాను,
ఎక్కడుండాలి, ఎక్కడున్నాం అని.

మర్నాడు కె.ఆర్.పురం బస్సులో
కిటికీకి ముక్కు ఆనించి
కన్నడ బోర్డులు చదవడం మొదలుపెట్టింది.
ఎవరూ నేర్పలేదు.
"మన అక్షరాలే అమ్మా, వేరే టోపీ పెట్టారు" అంది.
కండక్టరు చిల్లర వెతుకుతూ
"యావ స్కూలు, పుట్టీ?" అన్నాడు.
"ఇదే" అంది సీటు తట్టి.
ఆ మాట రెండు భాషల్లోనూ ఒకటే.

ఇంటికొచ్చి గచ్చు మీద సుద్దతో రెండు వరసలు:
పైన మనవి, కింద వాళ్ళవి.
బోర్లా పడుకుని చాలాసేపు చూసింది.
విహారి గాడు మోకాళ్ళతో పాకి ఘ ని చెరిపేశాడు,
తిట్టలేదు, మళ్ళీ రాసుకుంది.
"అమ్మా, క నెత్తిన రైటు మార్కుంది.
గ కి ఉంది, త కి, మ కి, స కి.
మనం చదవకముందే ఎవరు దిద్దారు వీటిని?"

దాన్ని తలకట్టంటారు, అన్నాను.
పేరు చెప్పేస్తే ప్రశ్న తీరిపోతుందనుకునే పెంపకం నాది.

కాసేపటికి వంటింటి గుమ్మంలో,
చేతులనిండా సుద్ద, జుట్టుకీ సుద్ద:
"కొన్నిటికి లేవు. ట కి లేదు, బ కి లేదు.
అమ్మా, నీ పేరులో ఒక్క రైటూ లేదు."

జలజ.

మూకుడులో ఆవాలు చిటపటమన్నాయి.
కడపలో మా బడి, తొమ్మిదో తరగతి,
పేపరు నిండా ఎర్రసిరా,
లేచి మార్కులు గట్టిగా చెప్పమంటే
గొంతు పెగలక
బల్ల మీది గాటుని గోటితో గీకుతూ నిలబడ్డ పిల్ల.
"అయితే అవి తప్పులా?" అన్నాను.
ఆట పట్టించడానికి కాదు,
నిజంగానే అడిగాను.

ఆలోచించింది.
దానికి తొందర లేదు, ఏ గంటా మోగదు.
"కాదు. టిక్కు లేకపోయినా
జ ని జ అనే అంటున్నాం కదా" అంది,
అని వెళ్ళిపోయింది తన పని మీద.

పోపు మాడింది.
స్టవ్ ఆపి వచ్చి నేనూ గచ్చు మీద కూర్చున్నాను.
కింది వరసలోనూ జ కి టోపీ లేదు, ల కి లేదు.
సాయంత్రం ఇల్లు తుడిచేటప్పుడు
విహారి ల మీద పడి నిద్రపోతున్నాడు.
వాణ్ణి కదపకుండా
చుట్టూ తుడిచాను.