నాలుగో నంబరు ముక్క

వాల్దీవియా నుంచి వచ్చాడా కుర్రాడు.
పేరు ఎవారిస్తో. కొత్త బూట్లు.
ఆరు ముక్కలు తెచ్చాడు, అరచేతి వెడల్పువి.
తేనెరంగువి రెండు, మీగడరంగువి మూడు,
ఒకటి మాత్రం, ఆ నాలుగోది,
దగ్గుబిళ్ళలా ఆకుపచ్చన.
మొక్కల నూనెతో కాచిన రెజిన్ అట.
"వీటిని మీ బురదలో కట్టేయాలమ్మా.
నెలకోసారి తీసి తూచాలి. డబ్బులిస్తాం."

చిలోయే దీవిలో బురదకేం కొదవ?
ఆటు వేళ సముద్రం పావడా ఎత్తిపట్టుకుని
మైలు దూరం వెనక్కి నడుస్తుంది.
అప్పుడు దిగుతాం మేం, ఆల్చిప్పలకీ, నాచుకీ,
ఇప్పుడిక ఈ ముక్కలకీ.

బంగాళాదుంపలు తూచే తక్కెడలోనే తూచాను.
మొదటి నెల, ఆరూ ఆరే.
రెండో నెల, ఆరూ ఆరే, పైన నాచు బరువు అదనం.
మూడో నెల ఫోన్ చేసి అడిగాను:
ఏమయ్యా, ఇవెప్పుడు చస్తాయి?
"ఫ్యాక్టరీ గుంతలో అరవై డిగ్రీల వేడిలో పెడితే
తొంభై రోజుల్లో మట్టేనమ్మా" అన్నాడు.
కిటికీలోంచి సముద్రం కేసి చూశాను.
వాన. వాన మీద వాన.
పొద్దున నీళ్ళలో ముంచిన వేళ్ళు
ఇంకా నీలంగానే ఉన్నాయి.
"ఆ అరవై సంగతి దీనికెవరు చెప్పాలి?" అన్నాను.

మా నాన్న పడవల సందులు పూడ్చేవాడు.
అలెర్సె చెట్టు బెరడు పీచుని దువ్వి, పేని,
పలకల మధ్య సుత్తితో దట్టించేవాడు.
నీళ్ళు తగలగానే పీచు ఉబ్బేది.
పలకా పీచూ పంతం పట్టి
ఒకదాన్నొకటి నొక్కుకుని కూచునేవి.
ఆయన ఆఖరి పడవ అదిగో, అక్కడుండేది.
పురుగు తిన్నంత తిన్నది,
పిల్లలు పొయ్యిలోకి పట్టుకుపోయినంత పట్టుకుపోయారు.
బురదలో నడుస్తుంటే ఇప్పటికీ
కాలికి తగులుతాయి, నాలుగు రాగి మేకులు.

నా మొగుడు తెలివైనవాడు. ఫైబర్ పడవ కొన్నాడు.
"కుళ్ళదు, ఉబ్బదు, చివకదు, ఓర్ఫెలీనా!"
అబద్ధమాడలేదు.
పగులొచ్చినప్పుడల్లా రెజిన్ పూసి, గీకి, నున్నగా రుద్దేవాడు.
రాత్రి అతని చొక్కా దులిపితే
దీపం వెలుగులో గాజు మెరిసేది.
దురద, దగ్గు.
దురద పోయింది. దగ్గు ఉండిపోయింది.
అతన్ని మట్టిలో పెట్టి పద్నాలుగేళ్ళు.
పడవ అక్కడే ఉంది, పసుప్పచ్చగా, పక్కకి ఒరిగి.
కాల్చబోతే ఆ నల్లపొగకి పొరుగావిడ గొర్రెలు దగ్గాయి.
పాతిపెడితే పోటు తవ్వి పైకి తెచ్చింది.
కొయ్యబోతే మళ్ళీ అదే గాజు,
ఈసారి మా తమ్ముడి చొక్కా మీద.
ముక్కు దగ్గర అతను రాసిన అక్షరాలు
ఇన్ని వానలకీ చెరగలేదు:
ఓర్ఫెలీనా.
నన్ను అడిగి పెట్టలేదు.

పదకొండో నెల
నాలుగో నంబరు దారం లాగితే దారమే వచ్చింది.
ముడి ఉంది. ముక్క లేదు.
నోటుబుక్కులో అదే రాశాను.

ఎవారిస్తో ఆ రాత్రే బయల్దేరి ఫెర్రీ ఎక్కాడు.
దిగడం దిగడం బురదలోకే, ఆ బూట్లతోనే.
"కరిగిందా అమ్మా, పొడిపొడైందా?
కంటికానని రవ్వలైతే లెక్క వేరు."
"పీత ఎత్తుకుపోయి ఉండొచ్చు కూడా" అన్నాను.
నవ్వలేదు. జల్లెడ తీశాడు.
మోకాళ్ళ మీద కూచుని
చెంచాడు, చెంచాడు బురద కడిగాడు.
వెతికేవాళ్ళని చాలామందిని చూశాను.
ఏమీ దొరక్కూడదని వెతికేవాణ్ణి
చూడటం ఇదే.

పొద్దు వాలింది. పోటు మొదలైంది.
లాంతరు పట్టుకుని పసుపు పడవకి ఆనుకున్నాను.
వీపు కింద నా పేరు గరుగ్గా తగిలింది.
"కానీ బాబూ" అన్నాను,
"ఇంకో అరగంట ఉంది."