ఏ గుమ్మంలోంచి

గ్రిమ్స్‌బీ చేపల రేవు, నాలుగో నంబరు కోల్డ్ స్టోరేజీ.
తెల్లారుజామున మూడింటికి
అరచేతిలో సగమైనా లేని బోర్డు
ఎర్రదీపం వెలిగించుకుని మౌనవ్రతం పట్టింది.

"రాత్రంతా ఇంతే" అంది మోరీన్,
గ్లవ్స్ తీయకుండానే టీ అందిస్తూ.
కాడ్ చేపల పెట్టెల మీద మంచుపొగ.

సీరియల్ పోర్టుకి మూడు తీగలు కలిపాను:
ఒకటి నేల, ఒకటి నోరు, ఒకటి చెవి.
తెర మీద ఒక్క అక్షరం రాలలేదు.
ఇరవై నిమిషాలు తిట్టుకున్నాక వెలిగింది,
నోటికి నోరే తగిలించానని.
ఇద్దరూ మాట్లాడేవాళ్లే, వినే దిక్కు లేదు.
మా ఇంట్లో నిన్నటి గొడవదీ ఇదే వైరింగు.

తీగలు మార్చాను. మాటలు జలజలా రాలాయి:
లోపలి ఫ్లాష్‌లో ఏమీ లేదు,
కార్డు లేదు,
నెట్‌వర్క్‌ని పిలుస్తున్నాను, పిలుస్తున్నాను...
పాపం, రాత్రంతా
ఒక్కో గుమ్మమూ తడుతూనే ఉందన్నమాట!

గోరంత స్విచ్చు.
పెన్ను మొనతో రెండో మీటను పైకి నెట్టి
జేబులోని కార్డు దోపాను.
పచ్చదీపం ఒకసారి. ఆగి, మళ్లీ.

"మైనస్ ఇరవై రెండు" అంది బోర్డు.
లేస్తూనే మొదటి మాట
చలి గురించి.

"అయితే ఈ ఊరిదే" అంది మోరీన్.