సున్నా నుంచి

మొదట కాగితం మధ్యలో ఒక గీత గీశాను.
ఎడమ పక్క ఏం కావాలో,
కుడి పక్క ఎవర్ని అడగాలో.
కుడి పక్క చాలా రోజులు ఖాళీగానే ఉంది.

విశాఖలో మంచు దొరికేది ఫిషింగ్ హార్బర్‌లో.
ఐసు ఫ్యాక్టరీ సూరిబాబు గారు ఎగాదిగా చూసి
"ఎన్ని దిమ్మలు?" అన్నాడు.
దిమ్మలు కాదండీ,
మీ కోల్డు రూములో గంటసేపు నిలబడతాం, అన్నాను.
రొయ్యల పెట్టెల మధ్య, సున్నాకి పద్దెనిమిది కింద,
లావు గ్లవుజులతో ముడి వేయడం, విప్పడం.
ఎల్లాజీ పదకొండు సెకన్లలో వేశాడు,
వల అల్లిన చేతులు కదా.
కేజీహెచ్‌లో రోజూ కుట్లు వేసే డాక్టర్ కరీమున్నీసాకి
నాలుగు నిమిషాలు పట్టింది.
ఎవరికీ చెప్పకుండా మర్నాడు ఒక్కతే వచ్చింది.

మెట్ల సంగతి సింహాచలం చూసుకుంది.
వీపున ఇరవై కేజీల ఇసుక, తెల్లారగట్ల నాలుగింటికి.
దిగొచ్చే ముసలమ్మ ఒకావిడ
"ఏటి మొక్కుకున్నారు బాబూ, ఇంత మోత?" అంటే
"వెనక్కి రావాలని" అన్నాడు ఎల్లాజీ.
"మరైతే ఎందుకెళ్లడం?" అని ఆవిడ దిగిపోయింది.

ఎక్కేటప్పుడు స్కీల అడుగున అంటించే నూగు పట్టీలు,
ముందుకు పోనిస్తాయి, వెనక్కి జారనివ్వవు.
మే నెల డాబా మీద మరిచిపోతే
జిగురు కరిగి ఒకదాన్నొకటి కావలించుకున్నాయి.
ఇద్దరం చెరో కొస పట్టి లాగాం.
ఆ రాత్రి లెక్కలో పద్నాలుగు వేలు కొట్టేశాను.
ఉప్పుగాలి స్కీల అంచులు నాకేసింది,
కొబ్బరినూనె గుడ్డతో వారానికి రెండుసార్లు తుడిచాను.

చోడిపిండి, బెల్లం, ఎండు నెత్తళ్లు:
మనిషికి రోజుకి ఏడువందల గ్రాములు.
బంగారం కొట్టులో త్రాసు అడిగి తెచ్చి
నెత్తళ్లు తూచాను.

బీమా ఫారంలో పదిహేడో గడి:
భౌతికకాయం తరలింపు, అవును, కాదు.
జాలారిపేటలో చేపలు కోస్తూనే ఎల్లాజీ తల్లి అడిగింది
"అదేటమ్మా రాసింది?"
రవాణా ఖర్చు, అన్నాను.
కత్తిపీట మీద చెయ్యి ఆగింది.
"వాళ్ల నాన్నకి ఇలాటి కాయితం లేదు"
అని పొలుసు అంటిన వేళ్లు చీరకి తుడుచుకుని
సంతకం పెట్టింది, ఒక్కో అక్షరం విడివిడిగా.

వెనుదిరిగే వేళ ఒంటిగంట అని నేను రాస్తే
పన్నెండు చెయ్యమన్నాడు ఎల్లాజీ.
శిఖరం నలభై అడుగుల్లో కనబడుతున్నా సరేనా?
"వల వదిలేసి వచ్చినోడే
ఇంకో వల కొంటాడు."
ఆ పేజీలో నేను రాయని వాక్యం అదొక్కటే.

స్టేషన్‌లో టీటీ ఆ పొడుగు సంచులు తట్టి చూశాడు.
"ఏంటివి?"
"తెడ్లు."
"ఢిల్లీకా?"
రైలు కదిలింది, ఆయన ప్రశ్న ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయింది.
పక్కన నేనూ, జాబితాలో టిక్కు పడని
ఒక జత ఊలు మేజోళ్లు.

స్పితిలో ఆ కొండకి పేరు లేదు,
మ్యాపులో ఒక అంకె మాత్రం ఉంది, ఆరువేల నూట నలభై.
ఎక్కడి నుంచి అంత?
సముద్రమట్టం నుంచి, అని స్కూల్లో చెప్పారు.
రోజూ ఆ మట్టం మీద చెప్పులు విప్పి నిలబడే దాన్ని,
అది నిలకడగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

పన్నెండో రోజు శాటిలైట్ ఫోన్‌లోంచి
రెండే అంకెలు దిగాయి:
5,870. 12.00.

ఎక్కారో, తిరిగారో,
ఆ గడియారం ముల్లు చెప్తుంది చదవడం వచ్చినవాళ్లకి.
పెదవాల్తేరులో గది తలుపు తీసి
మిగిలిన స్కీ అంచుకి నూనె రాస్తూ
ఎడమ చేత్తో జవాబు కొట్టాను:
ఇక్కడ సున్నా. ఆటు మొదలైంది.
మేజోళ్లు నా దగ్గరున్నాయి.