ముప్పై ఏడోది

తౌనో పోయిన మూడు వారాలకు
ఐలి మా ఇద్దర్నీ పిలిచింది.
వంటింటి బల్ల మీద అతని కెమెరాలు బారుగా పెట్టింది.
లెన్సులు లేవు, ఒట్టి బాడీలు.
"ఎవరికేది కావాలో తీసుకోండి,
నా లెక్కలో ఇవి తూకం సరుకు" అంది.
కిటికీ బయట ఔలు ఊరు
మైనస్ ఇరవై ఎనిమిదిలో కిర్రుమంటోంది.

యోర్మా కాఫీ కూడా ముట్టకుండా
వాదనలోకి దిగాడు. ముప్పై ఏళ్ల పాత వాదన.

నా చేయి ముందు ఎఫ్-టూ మీదికే పోయింది.
నల్లరంగు అరిగి అరిగి
అతని బొటనవేలు ఆనేచోట ఇత్తడి తేలింది.
మీటరు చచ్చినా షట్టరు చావని రకం.
గడ్డకట్టిన నది మీద స్కీ పందెం రోజు
అందరి బ్యాటరీలూ చేతులెత్తేస్తే
ఇదొక్కటే ఠప్, ఠప్.
"పూర్తిగా చెప్పు," అన్నాడు యోర్మా.
సరే, చెప్తాను:
చలికి లోపల ఫిలిం అప్పడంలా విరిగింది.
అంతకు ముందటి రీల్లో, తౌనో తొందరపడి తిప్పినందుకు,
స్కీ వీరుల నెత్తిన సన్నటి మెరుపులు గీసుకున్నాయి.
పందెంలో పిడుగులు పడ్డాయా అని
ఎడిటరు అమాయకంగా అడిగాడు.

ఎఫ్-త్రీ, ఎర్రగీతది.
నాకిష్టం. కారణం అడక్కండి.

ఎఫ్-ఫైవ్ ఎనిమిది బ్యాటరీలు మింగి
ఇంకా ఆకలనేది.
దాన్ని మోసిన భుజం
తౌనోకి చివరిదాకా కిందికే ఉండేది.

డి-త్రీ విషయంలో మాత్రం నేనే తలవంచాను.
హాకీ హాలులో ఆ పచ్చకామెర్ల దీపాల కింద
పాతికేళ్లు బూడిద తీశాం మేం.
అది వచ్చిన రాత్రి
గోల్‌కీపరు కనురెప్ప మీద చెమటబొట్టు,
దాంట్లో మళ్లీ దీపం.
ఇద్దరం తెర ముందు నోళ్లు తెరిచాం.

చివరిది జెడ్-నైన్. యోర్మా దాన్ని
పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు.
ఎగిరే పిట్ట కన్ను పట్టుకుంటే వదలదట.
పడిలేచే తెర దీంట్లో లేనే లేదు,
ఠక్కుమనేది చిన్న స్పీకరు నటన.
"నటనైతేనేం, గురి తప్పదుగా!"

ఐలి గిన్నెలు తుడవడం ఆపి అడిగింది:
"వీటిలో ఏది ఇంటికొచ్చాక
ఇంకా కాస్త మిగిలి ఉండేది?"
మాకు అర్థం కాలేదు.

సొరుగులోంచి ఓ బిస్కెట్ల డబ్బా తెచ్చి బోర్లించింది.
తలకు తువ్వాలుతో ఐలి.
చేతిలో బురద బూటుతో తిడుతున్న ఐలి.
చేపకు పొలుసు తీస్తూ, తుమ్మబోతూ ఐలి.
వెనక పెన్సిలుతో: ముప్పై ఆరు. ముప్పై ఆరు. ముప్పై ఏడు.
కొన్నిటిలో సగం ముఖమే, అక్కడితో రీలు అయిపోయింది.
"రీలు పూర్తి చేయాలి, ఇటు చూడు అనేవాడు.
పత్రిక తినగా మిగిలింది నాకు.
ఆ తర్వాత కార్డులొచ్చాయి.
అవి నిండవు."

"వెతుకుదాం, ఉండకపోవు," అని
యోర్మా గబగబా ఆఖరి కార్డు తెరిచాడు.
రెండు వేల మూడు వందల పద్నాలుగు హంసలు.
ఒక్కో ఈకా లెక్కపెట్టొచ్చు.
కాఫీ పొయ్యడానికి నేనే లేచాను.

జెడ్-నైన్ యోర్మాకి. అందులో తగువేముంది.
డి-త్రీ నాకు.
ఎఫ్-ఫైవ్ ఎవరమూ అడగలేదు,
పాపం, అదొక్కటీ బల్ల మీద బరువుగా.

వాకిట్లో యోర్మా వంగి బూట్ల తాళ్లు కడుతున్నాడు.
ఐలి ఎఫ్-టూ ఎత్తి, తల్లకిందులుగా పట్టుకుని,
సరిచేసుకుని,
లివరు లాగి నొక్కింది.
ఠప్.

"లోపల ఫిలిం లేదు, ఐలీ. లెన్సు కూడా లేదు."
"తెలుసులే," అంది,
"కదలకు."