కింద ఓనర్లున్నరు

వారాసిగూడలో మేమున్న పోర్షన్‌కు
రెండు అర్రలు, ఒక వంటిల్లు,
నేల కింద ఒక రుక్మాబాయి.

"మెల్లగ. కింద ఓనర్లున్నరు."
అమ్మ నాకు నేర్పిన మొదటి మాట ఇదేనేమో.
అ ఆలు తర్వాతొచ్చినయి.

ఎల్లిగడ్డ దంచాలంటే
రోటి కింద గోనెసంచి, నాలుగు మడతలు.
నాయినకు దగ్గొస్తే దిండు.
తమ్ముని బొంగరం బీరువా మీదికెక్కి
వానికి మీసాలొచ్చేదాక దిగలే.
మెట్లెక్కేటప్పుడు చెప్పులు చేతిల.
నా ఆరో ఏట వెండి పట్టీలు తెచ్చిండ్రు.
ఆ సాయంత్రమే అమ్మ పకడుతో
ఒక్కొక్క మువ్వను పీకి
పోపులపెట్టెల, మెంతుల పక్క గిన్నెల వేసింది.
చాన్నాళ్ళు, మెంతులు తీసినప్పుడల్లా
నా కాళ్ళు వంటింట్ల మోగేటివి.

రుక్మాబాయి ఒక్కసారే తట్టింది, బూజుకర్రతో,
కింది నుంచి మా నేలను, రెండు దెబ్బలు.
ఎందుకో ఇప్పటికీ తెల్వదు.
ఆ రాత్రి మేం నలుగురం
గుటక వినపడకుండ నీళ్ళు తాగినం.

ఇప్పుడు మల్కాజిగిరిలో నాలుగో అంతస్తు నాది.
కరెంటు బిల్లు మీద నా పేరు,
ఇంకా పదమూడేండ్ల కిస్తీలు కూడ నా పేరు మీదనే.
అయినా కుర్చీని ఈడ్వను, ఎత్తి జరుపుత.
క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడుతది.
గోడలు కొన్ననాడు ఎట్లున్నయో అట్లనే,
ఒక్క మేకు లేదు.
"గోడ కూడ మనదేనే పిచ్చిదానా" అంటడు శశిధర్.
మనదే.
సుత్తి కూడ ఉంది, మంచం కింద, పాత చున్నీల చుట్టి.

బ్యాంకు మీటింగుల నా మాట
బల్ల దాటేసరికి అలిసిపోతది.
"కొంచెం గట్టిగ చెప్పండి మేడం" అంటరు.
నేను చెప్పిందే పక్క సీటాయన గట్టిగ చెప్తడు,
అందరు రాసుకుంటరు.
నాకు కోపం రాదనుకుంటరు.
వస్తది,
చెప్పులు చేత పట్టుకొని వస్తది.

మొన్న గాంధీ దవాఖాన ఓపీ లైన్‌ల
రుక్మాబాయి బిడ్డ కలిసింది, అనసూయక్క.
గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.
"అమ్మ పోయేదాక మీ ముచ్చటే.
ఎంతమందో కిరాయికొచ్చిండ్రు గని
మీ అసొంటోళ్ళు దొరకలే.
ఇంట్ల ఉన్నరో లేరో తెల్వకపోతుండె."
నా ముఖం వెలిగిపోయింది, సిగ్గులేకుండ.
టోకెన్ నంబరు పిలిచేదాక
ఆ మెప్పును నములుతనే ఉన్న.
ఆటోల కూసున్నంక తగిలింది ముల్లు.
పదకొండేండ్లున్నం ఆ ఇంట్ల.
ఉన్నరో లేరో తెల్వదట.

నిన్న లాస్య మంచం మీంచి దుంకింది,
ధన్‌మని.
నా నోట్లకెళ్ళి అమ్మ దుంకింది:
"ఉష్! కింద..."
కింద ఫ్లాట్‌ల ఎవరున్నరో
నాకు పేరు కూడ తెల్వదు.
నాలుగేండ్ల పిల్ల నన్నొకసారి చూసి
బొమ్మ దగ్గరికి పోయి
దాని ప్లాస్టిక్ పెదవుల మీద వేలు పెట్టింది.
అదెట్లాగూ మాట్లాడదు.
అయినా చానసేపు తియ్యలే.

ఇయ్యాల సగం రోజు సెలవు పెట్టి
దాన్ని జనరల్ బజార్‌కు తీస్కపోయిన.
వెండి దుకాణంల సేటు ఎర్రగుడ్డ మీద పట్టీలు పరిచి
"మువ్వలున్నవా అమ్మా, లేనివా?" అన్నడు.
లాస్య అప్పటికే ఒక జత
చెవి దగ్గర పెట్టుకొని ఊపుతున్నది.
"ఉన్నవే" అన్న.
"ఆఁ?" అన్నడు సేటు, బయటి హారన్ల వినపడక.

"ఉన్నవే!"

దుకాణమంత తల తిప్పినట్టనిపించి
నేల దిక్కు చూసిన.
ఈ బండల కింద
ఎవరుంటరని?